వెనిగరు చిట్కాలు – కొలతలేని సలహాలు

ఇంటి చిట్కాల పేరిట వెలువడు పుస్తకములలోను, పత్రికల స్త్రీల పుటలలోను ఇటీవల వెనిగరుకు లభించుచున్న గౌరవము మరి యే వంటింటి వస్తువునకును లభించుట లేదు. నేల తుడుచుటకు వెనిగరు. చేపల నీచువాసన పోవుటకు వెనిగరు. చుండ్రుకు, గొంతునొప్పికి, స్థూలకాయమునకు, మధుమేహమునకు వెనిగరు. విజయవాడ అంగళ్లలో ఆపిలు రసముతో చేసిన వెనిగరు సీసాలు తేనె సీసాల ప్రక్కన చేరినవి. ఈ సలహాలలో కొన్ని నిజములు, కొన్ని నిరపాయకరములైన అసత్యములు, ఒకటి రెండు ప్రాణాపాయకరములు. అన్నిటిని ఒకే గొంతుతో చెప్పుటయే ఈ రచనలలోని మొదటి దోషము. ఎంత గాఢత, ఎంతసేపు, దేనితో కలుపరాదు అను మూడు ప్రశ్నలకు వీనిలో సమాధానము కానరాదు.

అసలు వెనిగరు అనగా నేమి? చక్కెరగల రసమును ఈస్టు కణములు ఆల్కహాలుగా మార్చును. గాలి తగులుచుండగా ఎసిటోబాక్టరు జాతి సూక్ష్మజీవులు ఆ ఆల్కహాలును ఎసిటికామ్లముగా మార్చును. ఈ రెండవ మార్పు సూక్ష్మజీవుల పనియే యని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1864లో ప్రకటించిన పరిశోధనలలో చూపెను. దివిసీమ తాటితోపులలో దింపిన కల్లు నిలువ యుంచినకొలది పుల్లబడుట యెల్లరు నెరిగినదే; అందు ఈ మార్పును జరుగుచుండును. గోవా వాసులు కొబ్బరికల్లును ఇట్లు పులియనిచ్చి వంటలలో వాడుదురు. కృష్ణా డెల్టాలో ఆ యవసరము కలుగలేదు. చింతపండు, నిమ్మకాయ, గోంగూర, మజ్జిగ ఉండగా మరియొక పులుపును వెదకువా రెవరు? ఆవకాయ యేడాది నిలుచుటకు చుక్క వెనిగరైనను అక్కరలేదు. మామిడికాయలోని ఆమ్లము, ఉప్పు, నూనె, ఆవపిండి ఆ పని చేయును.

తరవాణి కుండను చూచి, ఇదియే మన పూర్వుల వెనిగరు అనుకొనుటయు సహజమే. కాని అన్నము, గంజి పులిసిన తరవాణిలోని పులుపు ముఖ్యముగా లాక్టికామ్లము. అనగా పెరుగులోని పులుపు. నాలుకకు రెండును పుల్లననే యుండును. తెలుగు భాషయు ఇందులకు తోడుపడినది. వెనుకటి పాఠ్యపుస్తకములు ఆమ్లమును పులుసు అనియే వ్యవహరించి, కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు వాయువు అనుచుండెడివి. ముద్దయిన పేరే గాని, పులుపులన్నియు ఒక్కటే యను భ్రమకు అది చికిత్స కాజాలదు.

అంగడిలో దొరకు వెనిగరు రెండు తెగలు. పులియబెట్టి చేసినది ఒకటి, ఎసిటికామ్లమును నీటితో పలుచన చేసినది రెండవది. 100 మిల్లీలీటరులలో కనీసము 3.75 గ్రాముల ఆమ్లము రెంటను ఉండవలెనని మన ఆహార నిబంధనము. రెండవ తెగకు సీసాపై కృత్రిమమని స్పష్టముగా ముద్రింపవలెను. చిట్కాల రచయితలు ఈ భేదమును పాటింపరు. అంతకంటె కీడు, రసాయనముల దుకాణములో దొరకు గాఢమైన ఎసిటికామ్లమును వెనిగరుకు మారుపేరుగా వ్రాయుట. అది చర్మమును కాల్చును, కంటిని పోగొట్టును. చలిదేశములలో 16.6 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువను అది మంచువలె గడ్డకట్టి తన గుణమును తానే చాటుకొనును. విజయవాడ వేడిలో అది నీటివలెనే కనబడును. కావున పొరపాటు పడుట మరింత సులభము.

ఇక నిజమైన ఉపయోగములు. కఠినజలము కాచిన పాత్రల అడుగున తెల్లని పెచ్చు కట్టును. అది ప్రధానముగా కాల్షియం కార్బొనేటు. వెనిగరు దానిని కరగించి, బుడగలు బుడగలుగా బొగ్గుపులుసు వాయువును వెడలించును. గోరువెచ్చగా నుంచి గంటసేపు వదలినచో పని తీరును. చేపల నీచువాసనకు కారణమైన ట్రైమిథైలమీను క్షారగుణము కలది. ఆమ్లముతో కలిసి ఆవిరి కాని లవణమగును. అయితే నిమ్మరసము, చింతపండు పులుసు చేయునదియు నిదే. అత్తగారు చింతపండుతో కడిగిన చేపను కోడలు వెనిగరుతో కడిగినచో రసాయనశాస్త్రమునకు అభ్యంతరము లేదు.

మొదటి ఉపయోగమునకు మూలమైన గుణమే నేల తుడుచునపుడు దోషమగును. డెల్టాలో పాత యిండ్లకు పరచిన పల్నాటి నాపరాళ్లు సున్నపురాయి జాతివి. అమరావతి స్తూపశిల్పములును పల్నాటి సున్నపురాతిలో మలచినవే. పాత్ర అడుగున పెచ్చును కరగించిన వెనిగరు నాపరాతిని మాత్రము విడిచిపెట్టునా? తళతళలాడుటకు బదులు నునుపు పోయి తెల్లని మచ్చలు పడును. పాలరాయికిని ఇదే గతి. విదేశపు పలకల నేలకై వ్రాసిన సలహాను నేల యేదో విచారింపక ఎత్తి వ్రాసినందున వచ్చిన చిక్కు ఇది.

వంటసోడాలో వెనిగరు పోసిన రెట్టింపు శుభ్రమగునట! నురుగు చూచుటకు ముచ్చటగా నుండును. ఆమ్లము, క్షారము ఒకదాని నొకటి చంపుకొనగా మిగులునది ఉప్పునీటి వంటి సోడియం ఎసిటేటు ద్రావణము. విడివిడిగా పనికివచ్చు రెండు వస్తువులను కలిపి పాడుచేయుట తప్ప ఇందు విశేషము లేదు.

వంటసోడా విషయమున నష్టము డబ్బుతో పోవును. బ్లీచింగు పౌడరు సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలైన పేటలను ముంచెను. అట్టి నీరు తీసిన పిమ్మట ఇంట మిగులునది బురద, దుర్గంధము. అప్పుడు బ్లీచింగు పౌడరు వాడుట సరియైన పనియే. వెనిగరు సూక్ష్మజీవులను చంపునని చదివినవారికి, రెంటిని కలిపినచో ఇంకను మేలు కదా యని తోచవచ్చును. కాని బ్లీచింగు పౌడరుకు ఆమ్లము తగిలినంతనే క్లోరిను వాయువు వెలువడును. 1915లో ఈప్రు యుద్ధరంగమున సైనికులపై వదలినది ఆ వాయువే. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువు; తలుపు మూసిన స్నానాలగదిలో నేలను అంటియుండి, వంగి తుడుచువారి ముక్కునకే మొదట తగులును. ఘాటు తగిలిన వెంటనే అన్నియు విడిచి ఆరుబయటికి పోవలెను. దగ్గు, ఆయాసము తగ్గనిచో వైద్యుని చూడవలెను. మరుగుదొడ్లు కడుగు ఆసిడును బ్లీచింగుతో కలిపినను ఇంతే. వెనిగరు గుణములను పేజీల కొలది వర్ణించువారు ఈ ఒక్క వాక్యమును విడుచుట క్షమింపరానిది.

శరీరమునకు సంబంధించిన చిట్కాలలో చేపముల్లు ముచ్చట ఒకటి. గొంతులో దిగిన ముల్లును వెనిగరు మెత్తబరచునట. గిన్నెలో రాత్రియంతయు నానిన ముల్లు మెత్తబడును గాని, గుటకలో వెనిగరు ముల్లును తాకునది ఒకటి రెండు క్షణములే. ముల్లు అట్లే యుండును, గొంతు మండును. ప్రతి ఉదయము వెనిగరునీరు త్రాగువారికి నష్టము పంటిపై కనబడును. పి.హెచ్. 5.5కు దిగువను పంటిపింగాణి కరుగనారంభించును. వెనిగరుది సుమారు 2.5.

మధుమేహము మాట కొంత నిదానముగా చెప్పవలెను. భోజనమునకు ముందు కొంచెము వెనిగరు పుచ్చుకొన్నచో, ఇన్సులినుకు సరిగా స్పందింపని వారిలో తిన్నతరువాత రక్తమున చక్కెర పెరుగుట తగ్గెనని 2004లో అమెరికాలో కొద్దిమందిపై జరిపిన పరీక్షలో తేలెను. రెండుపూటల వరియన్నము తిను డెల్టావాసికి ఇది ఆశ గొలుపు సంగతియే. అయితే ఆ పరీక్షలో ఎవరిని మందు మానుమని చెప్పలేదు. చిట్కా పుస్తకములో ‘మధుమేహమునకు వెనిగరు’ అని రెండుమాటలలో చదివినవారు మాత్ర మానినచో దోష మెవరిది? స్థూలకాయము విషయమున ఆధారము ఇంకను బలహీనము. లెబనానులో జరిగినదని 2024లో ప్రచురింపబడి లోకమంతట ప్రచారము పొందిన ఆపిలు వెనిగరు పరిశోధనను, అందలి అంకెలు నమ్మదగినవి కావని బ్రిటిషు పత్రిక 2025లో ఉపసంహరించుకొన్నది. ప్రచురణను చాటినంత గట్టిగా ఉపసంహరణను ఎవ్వరును చాటలేదు.

వైద్యమున ఎసిటికామ్లమునకు గల గొప్ప ప్రయోజనము ఈ పుస్తకములలో కనుపట్టదు. గర్భాశయ ముఖద్వారమునకు వెనిగరంత గాఢతగల ఎసిటికామ్లము పూసి ఒక్క నిమిషమాగినచో, క్యాన్సరుగా మారజూచు కణములున్న చోటు తెల్లబడును. శిక్షణ పొందిన నర్సు కంటితోనే దానిని గుర్తింపగలదు. బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలవారు సుమారు లక్షా యేబదివేలమంది స్త్రీలపై సాగించిన అధ్యయనమున, ఈ పరీక్ష వలన ఆ క్యాన్సరు మరణములు 31 శాతము తగ్గెనని 2013లో ప్రకటించిరి. 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఈ పరీక్ష జరుపవలెనని 2016 నాటి కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములలో కలదు. ఇది ఇంట చేసికొనునది కాదు, ఆసుపత్రిలో చేయించుకొనవలసినది. అందువలననే కాబోలు చిట్కాల జాబితాలో దీనికి చోటు లేకపోయినది.