సర్కసు వినోదము: ఒక విమర్శ

ఒక సంఘము తీరికవేళ దేనిని చూచి చప్పట్లు కొట్టుచున్నదో పరిశీలించినచో దాని మనస్సు కొంత తెలియవచ్చును. కావుననే వినోదములను గూర్చి విచారించుట పనిలేనివారి పని యని నేను తలంపను. నాటకమును గూర్చియు, నృత్యమును గూర్చియు మనవారు చాల వ్రాసిరి. సర్కసును గూర్చి గంభీరముగ వ్రాసినవారు తక్కువ. అది పిల్లల వేడుక యని కొందఱు త్రోసివేయుదురు. పులులును సింహములును పోయినతోడనే సర్కసు చచ్చినదని మఱికొందఱు వగతురు. ఈ రెండభిప్రాయములును విచారణకు నిలువవని నా విశ్వాసము.

సర్కసను పేరు రోమకులది. వారి లాటిను భాషలో దానికి వలయమని యర్థము. రోమునగరమున పాలటైను, అవెంటైను అను కొండల నడుమనున్న మహాసర్కసులో రథముల పందెములు జరిగెడివి. నేటి సర్కసు అక్కడనుండి పేరును మాత్రమే తెచ్చుకొన్నది. దీనికి మూలపురుషుడు ఫిలిప్ ఆస్ట్లీ యను ఆంగ్లేయుడు. ఆశ్వికదళమున పనిచేసిన యీతడు 1768లో లండనున, థేమ్సునదికి దక్షిణపుటొడ్డున, గుఱ్ఱపుస్వారీ విద్యలను ప్రదర్శింప నారంభించెను. గుఱ్ఱము తిన్నగ పరుగెత్తినచో క్షణములో కనుమరుగగును; గుండ్రముగ పరుగెత్తినచో ప్రేక్షకుల యెదుటనే యుండును. అదియునుగాక, వలయమున తిరుగునప్పటి వేగబలము రౌతునకు గుఱ్ఱము వీపుపై నిలుచుటకు తోడ్పడును. 42 అడుగుల వ్యాసముగల వలయము ఇందులకు తగినదని తేలినది. ఆ కొలతయే పిమ్మట సర్కసులకు ప్రమాణమయ్యెను. స్వారీకిని స్వారీకిని నడుమ ప్రేక్షకులు విసుగుచెందకుండ ఆస్ట్లీ త్రాటిపై నడచువారిని, మొగ్గలు వేయువారిని, హాస్యగానిని చేర్చెను. 1782లో చార్లెస్ హ్యూస్, చార్లెస్ డిబ్డిన్ అనువారు తమ శాలకు ‘రాయల్ సర్కస్’ అని పేరుపెట్టిరి. అప్పటినుండి ఆ పేరు ఈ వినోదమున కంటుకొన్నది. 1859లో పారిసున జూల్ లియొటార్డ్ ఒక యూయలనుండి మఱియొక యూయలకు ఎగురు విద్యను చూపెను. చదువరులారా, ఈ పుట్టుకలో బోనులోని పులి లేదని గమనింపుడు. అది పిమ్మట వచ్చి చేరినది.

మనదేశమున 1880లో విష్ణుపంత్ ఛత్రే అను మహారాష్ట్రుడు బొంబాయిలో ‘గ్రేట్ ఇండియన్ సర్కస్’ను ప్రదర్శించెను. మలబారులోని తలశ్శేరియందు కీలేరి కుంఞికణ్ణన్ అను వ్యాయామగురువు సర్కసు విద్యను నేర్పి శిష్యులను తయారుచేయగా, వారు అనేక కంపెనీలు స్థాపించిరి. వంగదేశమున ప్రియనాథ బోసుగారి సర్కసులో సుశీలాసుందరి యను యువతి పులుల బోనులో ప్రవేశించి చూపఱులను విస్మయపఱచెను. మన తెలుగునాట కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరమున సర్కసు నడపి, ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుటచేతను, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుటచేతను కలియుగభీముడని పేరొందిరి.

అయితే త్రాటిపై నడకయు, గడపై విన్యాసమును మనకు డేరాలతో వచ్చినవి కావు. మన గ్రామములలో దొమ్మరులు వీధినడుమ గడ నాటి, డోలు వాయించుచుండగా, ఆడుపిల్లలు దాని కొనకెక్కి కడుపుపై ఆని గిఱగిఱ తిరుగుట పెద్దలెఱుగుదురు. డేరాలో టిక్కెట్టు కొని చూచిన విద్యయే ఇది. డేరాలో దానికి సొమ్మును కరతాళములును లభించినవి; వీధిలో దొరకినవి పిడికెడు గింజలు. అంతతో పోలేదు. ఆ కులము పేరునే మనము తిట్టుగ మార్చుకొంటిమి. విద్య యొక్కటియే యయినను గౌరవమున ఇంత భేదమేల కలిగెను? ఈ ప్రశ్నకు మన మింకను సమాధానము చెప్పవలసియున్నది.

ఇక గుణదోషములు. సర్కసునందు మూడు వేఱువేఱు వస్తువులు కలసియున్నవి: సాహసవిద్య యొకటి, బలవంతపు లొంగుబాటు రెండవది, వైకల్యమును చూచి నవ్వుట మూడవది. వీనిని వేఱుపఱచుటకు నాకు తోచిన పరీక్ష యొక్కటియే. ఆడువారికి ‘నేనాడను’ అని చెప్పు స్వేచ్ఛ కలదా?

ఊయలపై ఎగురు యువతిని తీసికొందము. ఆమె చేతులు వదలిన క్షణమున ఎదుటి యూయలపై తలక్రిందులుగ వ్రేలాడువాడు ఆమె మణికట్టులను పట్టుకొనవలయును. రెప్పపాటు ముందైనను వెనుకైనను పట్టు తప్పును. ఎంతకాలమో కలసి అభ్యసించినగాని అట్టి నమ్మకము కుదురదు. ఒకరి ప్రాణము నొకరి చేతిలో పెట్టుట యనగా నేమో ఆ డేరాలో కన్నులార చూడవచ్చును. ఆమె తానై నేర్చి, తానై యెక్కి, జీతము తీసికొనుచున్నచో, ఇది ఉత్తమకళ యని చెప్పుటకు నేను సంకోచింపను.

అగ్నివలయమునుండి దుముకు పులి మాట వేఱు. దానికి నిప్పు సహజశత్రువు. కొరడాకు వెఱచి దుముకుచున్నదేగాని ప్రేక్షకుల సంతోషమునకై కాదు. బాలిక సంగతియు నట్టిదే. నా చిన్ననాట మా యూరికొక సర్కసు వచ్చినది. నా యీడు పిల్ల యొకతె తీగెపై గొడుగు పట్టుకొని నడచుచుండగా అందఱితోపాటు నేనును చేతులు నొచ్చువఱకు చప్పట్లు కొట్టితిని. మఱునాటి యుదయమున బడికి పోవుచు డేరా వెనుక చూచితిని. ఆ పిల్లయే బూడిదతో గిన్నెలు తోముచుండెను. నా చంకలోని పలకవంక ఆమె చూచిన చూపు నేటికిని నన్ను వదలలేదు. నాకు బడి యుండెను. ఆమెకు తీగె యుండెను. ఆ తీగెను ఆమె కోరుకొన్నదా యని ఆ డేరాలో నెవ్వరును అడుగలేదు.

ఈ విషయమున చట్టము మనకంటె ముందు మేలుకొన్నది. 1998లో కేంద్రప్రభుత్వము ఎలుగుబంటి, కోతి, పులి, చిఱుతపులి, సింహము అను జంతువులకు శిక్షణ యిచ్చి ప్రదర్శింపరాదని ప్రకటించెను. సర్కసు యజమానులు వ్యాజ్యెము వేసిరి. 2000లో కేరళ హైకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చెను. 2001లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. సర్కసులలో బాలబాలికలను నియమింపకుండ నిషేధించుచు ప్రకటన వెలువరింపవలసినదని 2011లో అదే న్యాయస్థానము కేంద్రప్రభుత్వము నాదేశించెను.

ఇట్టి సంస్కరణములచేత కళ నశించెనని వగచువారికి రెండు నిదర్శనములు చాలును. కెనడాదేశపు క్యూబెక్కులో 1984లో పుట్టిన ‘సర్క్ దు సొలే’ అడవిమృగములు లేకయే లోకప్రసిద్ధి గాంచెను. అమెరికాలోని రింగ్లింగ్ సోదరుల సర్కసు 2016లో ఏనుగులను విరమించి, 2017లో మూతపడి, 2023లో జంతువు లొక్కటియు లేకుండ మరల తెరువబడెను. కొరడా పోయినను విద్య నిలిచినది.

కాని మూడవ వస్తువునుగూర్చి చట్టము చేయగలిగినది స్వల్పము. పొట్టివాడైన హాస్యగాని చెంపపై కొట్టగా మనము నవ్వుదుము. ఆతడు పెద్దవాడు, మానుకొను హక్కు కలవాడే. అయినను కచేరీలోగాని అంగడిలోగాని ఆతని యాకారమును చూచి పని యీయకున్నచో ఆ హక్కు కాగితముపైననే యుండును. ఆకలియు నొక కొరడాయే. దానిని పట్టుకొన్నది సర్కసు యజమాని యొక్కడే కాదు, పని యీయని మనమును. ఊయలపై నున్న స్త్రీకి చప్పట్లు కొట్టి, వయసు మీఱి దిగివచ్చిన పిదప ఆమెకు ఇల్లు అద్దెకీయ వెనుదీయువారును మనలోనే యున్నారు.

కావున గృహస్థులకు నా మనవి యిది. సర్కసు వచ్చినచో పిల్లలను తప్పక తీసికొనిపొండు. ఆ నేర్పు వెనుక ఎంత శ్రమ యున్నదో వారికి తెలుపుడు. ఆటగాండ్రను గౌరవముగ మీరనుడు. వారి కులనామమును మీ యింట తిట్టుగ వాడనీయకుడు. హాస్యగాడు దెబ్బ తినునప్పుడు మీ పిల్లవాడు నవ్వక మీ ముఖమువంక చూచినచో ఆతనిని నవ్వుమని ప్రోత్సహింపకుడు. ఆ బాలుని సందేహమును కాపాడుట ఏ చట్టమునకును సాధ్యము కాదు. అది తల్లిదండ్రుల పని.