గ్రామసభను చూడని పౌరశాస్త్రం

బడులు తెరిచే రోజుల్లో మాకు శిక్షణ ఉంటుంది. మండల కేంద్రంలో ఒక హాలు, ఎదురుగా తెర, చేతిలో మాడ్యూలు. పౌరశాస్త్రం వంతు రాగానే మా చేత నమూనా పార్లమెంటు పెట్టిస్తారు. మాలో ఒకరు స్పీకరు, ఒకరు ప్రధానమంత్రి, ఇంకొకరు ప్రతిపక్ష నాయకుడు. చప్పట్లు కొడతాం, చార్టులు గోడకు అంటిస్తాం, హాజరు పట్టీలో సంతకం పెట్టి చివరి బస్సు అందుకుంటాం. ఇన్నేళ్ల శిక్షణల్లో ఒక్కసారి కూడా మా చేత గ్రామసభ పెట్టించలేదు. ఏజెన్సీ బడుల్లో పనిచేసే మాకు ఇది చిన్న లోటు కాదు.

పాఠ్యపుస్తకం తప్పు చెబుతోందని మేము అనడం లేదు. సర్పంచి, వార్డు సభ్యులు, మండల పరిషత్తు అన్నీ అందులో ఉన్నాయి. అయితే అందులోని ఊరు మైదానపు ఊరు. మన ఊళ్లు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఒక గూడెం గానీ, కొన్ని గూడేలు కలిసి గానీ ఒక గ్రామం కావచ్చు. ఆ గ్రామానికి తన గ్రామసభ ఉంటుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. పాఠం చెబుతుంటే వెనక వరుసలోంచి ఒక పిల్ల అడుగుతుంది: "మా గూడెంలో గ్రామసభ ఎప్పుడు జరిగింది సార్?" ఆ ప్రశ్నకు జవాబు మాడ్యూలులో లేదు. మా దగ్గరా ఉండదు.

ఈ తెలియనితనానికి మూల్యం చెల్లించేది మేము కాదు. కొన్నేళ్ల కిందట మాలో ఒకరి బడికి ఒక తండ్రి మడత పెట్టిన కాగితం పట్టుకొచ్చాడు. "ఇందులో ఏం రాశారో చూడు మాస్టారూ" అన్నాడు. పోడు భూమి హక్కు కోసం పెట్టుకున్న దరఖాస్తును సబ్ డివిజన్ కమిటీ తిరస్కరించిందని అందులో ఉంది. మావాడు అక్షరం తప్పకుండా చదివి వినిపించాడు, పెద్దాఫీసులో అడగమని పంపించాడు. అలాంటి నిర్ణయం మీద 60 రోజుల్లోగా జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. ఆ సంగతి మావాడికి తెలిసేసరికి గడువు దాటిపోయింది. మావాడు పౌరశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడే. పార్లమెంటులో ఎన్ని సభలో తెలుసు, తన ఎదుట నిలబడ్డ మనిషికి ఉన్న హక్కు తెలియదు. మాలో మిగతావాళ్లం ఆ రోజు అక్కడ ఉన్నా అంతకంటే ఎక్కువ చెప్పగలిగేవాళ్లం కాదు.

దీనికి ఎదురుగా ఒక పాఠం మనకు దగ్గర్లోనే జరిగింది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. డోంగ్రియా కోంధులు, వారి ఇరుగుపొరుగువారు తమ మాటల్లో తమ కొండ గురించి చెప్పారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. వాళ్లు మాట్లాడే కువి భాష మన అరకు వైపు ఊళ్లలోనూ వినిపిస్తుంది. బడి మెట్లెక్కని వాళ్లు కూడా నడిపిన ఆ సభలకంటే మంచి పౌరశాస్త్ర పాఠం మాకు తెలియదు. ఏ శిక్షణలోనూ దాని పేరు మేము వినలేదు.

అడిగితే శిక్షకులు రెండు మాటలు చెబుతారు. ఒకటి, సిలబస్‌లో లేదు. రెండు, ఇవి రాజకీయాలు, మనకెందుకు. పార్లమెంటు చేసిన చట్టాన్ని పిల్లలకు చెప్పడం రాజకీయమైతే, పార్లమెంటు గురించి చెప్పడం మాత్రం ఏమవుతుంది?

ఇంకొక కారణం కూడా ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మీద మన బడులకు మైదానం నుంచి వచ్చేవారు పెరుగుతారు. వారికి ఐదో షెడ్యూలు గురించి ఎవరు చెబుతారు? మన భాష రాని ఉపాధ్యాయుడు మెల్లగా నేర్చుకుంటాడు. మన చట్టం తెలియని ఉపాధ్యాయుడు మాత్రం తనకు తెలియదన్న సంగతి కూడా తెలియకుండానే రిటైరవుతాడు. అలాగని ఆదివాసీ ఉపాధ్యాయుడైతే చాలని మేము అనలేం. ఆ తండ్రి కాగితం చదివినవాడు ఆదివాసీయే.

శిక్షణను గూడేనికి తీసుకురావడం కొత్త సంగతేమీ కాదు. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ జరిగింది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్ల తర్వాత మేము హాలులో తెర ముందు కూర్చుంటున్నాం.

మేము అడిగేది ఎక్కువేం కాదు. ఐదు రోజుల శిక్షణలో ఒక రోజు గ్రామసభ జరిగే గూడెంలో పెట్టండి. ఉపాధ్యాయులు వెనక కూర్చుని వినాలి, మాట్లాడకూడదు. కోరం ఎంతో లెక్క చూడాలి: అటవీ హక్కుల నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. తీర్మానం రాశాక సంతకాలు తీసుకున్నారా, సంతకాలు తీసుకున్నాక తీర్మానం రాశారా అన్నది కళ్లారా చూడాలి. పెసా గురించి చెప్పడానికి ఊరి పెద్దనూ, హక్కుపత్రం కోసం తిరిగిన ఒక ఆడమనిషినీ పిలవండి. వారు తమ భాషలోనే చెబుతారు. అర్థం కానివారికి మేము తెలుగులో చెబుతాం.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు కూడా. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి మీ ఊళ్లో గ్రామసభ అంటే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి. తీర్మానాల పుస్తకం తెరిచి చదవమని అడగండి. తోటి ఉపాధ్యాయులారా, ఈ ఏడు పంచాయతీ పాఠం రోజున నల్లబల్ల మీద ముందుగా ఆ పిల్ల ప్రశ్న రాద్దాం. జవాబు తెలియకపోతే తెలియదనే చెబుదాం. సాయంత్రం ఆ పిల్లతో కలిసి గూడెంలోకి వెళ్లి అడుగుదాం.