రాజశేఖర చరిత్రము: ఋణమెంత? స్వార్జితమెంత?

కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' తెలుగు నవలలలో మొదటిదని పలువురి అభిప్రాయము. 1872లోనే నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి 'శ్రీ రంగరాజ చరిత్రము' వెలువడి యుండుటచే ఆ ప్రథమస్థానమును గూర్చి వివాదము కలదు. అంతకంటె గడుసైన వివాదము మఱియొకటి కలదు. రాజశేఖర చరిత్రమునకు మూలభావము ఆలివర్ గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' అను ఆంగ్ల నవలనుండి గ్రహింపబడినదని కొందఱి వాదము. ఈ వాదము పూర్ణముగా సత్యమైనచో తెలుగు నవల ఎరువుసొమ్ముతో కాపురము పెట్టినదని ఒప్పుకొనవలసి వచ్చును. కావున తీర్పు చెప్పుటకు ముందు ఏది ఎరువో, ఏది స్వార్జితమో విడదీసి చూచుట అవసరము.

ఈ వాదమునకు ఆధారము ప్రతిపక్షుల ఊహ కాదు, రచయిత మాటయే. మొదట గోల్డ్‌స్మిత్తు గ్రంథమును తెనిగింప నారంభించి, కొంత సాగిన పిదప ఆ యత్నమును విడిచి స్వతంత్రముగా కథ నల్లినట్లు వీరేశలింగముగారు స్వీయచరిత్రమున చెప్పియున్నారు. ఆ కథ వారు 1874లో స్థాపించిన 'వివేకవర్ధని' పత్రికలో 1878లో వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చినది. 'వివేకచంద్రిక' యనునది దీనికి నామాంతరము. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు 'వివేకచంద్రికా విమర్శనము' వ్రాసిన నాటినుండియు ఈ నవల విమర్శకుల చర్చకు లోనగుచునే యున్నది. దాచక చెప్పిన రచయితపై చౌర్యదోషము మోపుట న్యాయము కాదు. అయినను ఒప్పుకొన్నంతమాత్రమున ఋణము తీరదు. దాని పరిమాణము తేలవలసియే యున్నది.

రెండు కథల కట్టడము ఒక్కటే. వేక్‌ఫీల్డు గ్రామపు మతగురువు ప్రిమ్‌రోజు భార్యాబిడ్డలతో సుఖముగా నుండి, ధనము కోల్పోయి, ఊరు విడిచి, కష్టపరంపర ననుభవించి, కారాగారము చేరి, తుదకు మాఱుపేరుతో తిరుగుచున్న సర్ విలియం థార్న్‌హిల్లు అను ప్రభువు చలువచే మరల మంచిస్థితికి వచ్చును. ధవళేశ్వర నివాసియైన రాజశేఖరుడును అట్లే సుఖించి, నిర్ధనుడై, కుటుంబముతో కాశీయాత్రకు బయలుదేరి, త్రోవలో ఇడుమలం బడి, చెఱసాల పాలై, తుదకు రామరాజను పేర సంచరించుచున్న పెద్దాపుర ప్రభువు కృష్ణజగపతి మహారాజు దయచే ఉద్ధరింపబడును. అక్కడ సజ్జనుని పీడించు భూస్వామి యొకడు, ఇక్కడ శోభనాద్రిరాజు. ఇంతవరకు ఎరువే. దీనిని కాదనుట సత్యమునకు విరుద్ధము.

అయితే కథాసంవిధానము వేఱు, మూలభావము వేఱు. మూలభావ మేదియో తెలియవలెనన్న ఆ కథలో పతనమునకు కారణమేమని ప్రశ్నింపవలెను. ప్రిమ్‌రోజు ధనము పోవుటకు అతని దుర్వ్యయము కారణము కాదు. సొమ్ము దాచిన వర్తకుడు పరారి యయ్యెను. అది వెలుపలినుండి పడిన పిడుగు. ఆపదలో సత్పురుషుని ఓర్పు, దైవముపై విశ్వాసము, లోకము తెలియని అమాయకత్వము, అందుండి పుట్టిన మృదుహాస్యము గోల్డ్‌స్మిత్తు గ్రంథమునకు ప్రాణము. ఆ హాస్యము పండుటకే కాబోలు, కథను మతగురువు తానే చెప్పుకొనును.

రాజశేఖరుని ఇల్లో, లోపలినుండి కూలినది. ముఖస్తుతి చేయువారిని చేరదీయుట, ఆడంబరమునకు ధనము వెదజల్లుట, జ్యోతిషమును శకునములను నమ్ముట, బంగారము చేసి యిచ్చెదనన్న బైరాగిచేతికి ఇంటనున్న వెండి బంగారముల నప్పగించుట అతని దారిద్ర్యమునకు హేతువులు. కలిమి యున్నప్పుడు చావడి నిండ కూర్చున్నవారే లేమి రాగానే మొగము చాటుచేయుదురు. ఈ దోషములు ఇంగ్లండునుండి ఓడలో దిగినవి కావు. గోదావరీతీరపు గృహస్థుని వీధి యరుగుమీద పుట్టి పెరిగినవి. ధవళేశ్వరము పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండిన రచయితకు ఆ యూరి జీవనము పరిచితమే. గోల్డ్‌స్మిత్తు 'మంచివాడు కష్టము నెట్లు భరించును?' అని యడిగెను. వీరేశలింగముగారు 'మంచివాడు ఏ మూఢతవలన కష్టము కొనితెచ్చుకొనును?' అని యడిగిరి. ప్రశ్న మాఱినది, కావున మూలభావమును మాఱినది.

అయినను ఋణము నిరపాయము కాలేదు. అది కీడు చేసిన తావు కూతురి కథలో కలదు. ప్రిమ్‌రోజు కూతురు ఒలీవియాను భూస్వామి దొంగపెండ్లితో మోసగించును. తుదకు ఆ పెండ్లి నిజమైనదేయని తేలి ఆమె మానము నిలుచును. రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణికి భర్త నృసింహస్వామి మరణించెనన్న వార్త వచ్చును. దొంగల దాడిలో కుటుంబమునకు దూరమై ఆమె పురుషవేషమున సంచరించును. తుదకు భర్త సజీవుడేయని తేలును. అక్కడ అబద్ధపు పెండ్లి నిజమైనది. ఇక్కడ నిజమనుకొన్న వైధవ్యము అబద్ధమైనది. రెండుచోట్లను కథ సుఖాంతమగుటకు ఒక్కటే ఉపాయము. ఒలీవియా కథకు ఈ ఉపాయము సరిపోవును. రుక్మిణి కథకు చాలదు. భర్త నిజముగా మరణించియుండిన ఆ బాలిక గతి యేమి? నవల తానే లేవనెత్తిన ఈ ప్రశ్నకు నవలలో సమాధానము లేదు. ఎరువు తెచ్చుకొన్న ముగింపు దానిని మింగివేసినది. ఆ సమాధానమును వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించి జీవితమున చెప్పిరి. ఈ దృష్టితో చూచిన ఋణముచే నవలకు కలిగిన నష్టము మూలభావమున కాదు, ముగింపున.

ఇట్టి వివాదము తెలుగునకే పరిమితము కాదు. బంకించంద్రుని 'దుర్గేశనందిని' 1865లో వెలువడగా స్కాటు వ్రాసిన 'ఐవన్‌హో' కిది ఛాయయని కొందఱనిరి. అప్పటికి ఆ గ్రంథమును చదువలేదని ఆయన చెప్పెను. మలయాళమున చందు మేనోను డిజ్రేలీ నవల యొకదానిని అనువదింప బూని, అది పొసగక విడిచి, 1889లో 'ఇందులేఖ'ను వ్రాసెను. మరాఠీలో బాబా పద్మన్‌జీ 1857లోనే 'యమునాపర్యటన' మను నవలలో హిందూ వితంతువుల దుఃస్థితిని చిత్రించెను. రుక్మిణి కథతో దీనికి విషయసామ్యము కలదని ఒకరు మఱియొకరికి ఋణపడిరనుట తగదు. ఇరువురి యెదుటను ఒకే సమాజదుఃఖ మున్నది. కావున పోలిక యొక్కటే ఋణమునకు సాక్ష్యము కాదు. ఋణము స్పష్టముగా నున్నచోటను స్వార్జితము లేదనుట తగదు. జె. ఆర్. హచిన్సన్ ఆంగ్లీకరింపగా ఈ నవల 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర గోల్డ్‌స్మిత్తు భాషలోనికే తిరిగి వెళ్లినది. అది కేవలము వికారు ప్రతిబింబమే యైనచో దానిని ఆంగ్లమున మరల వ్రాయ బనియేమి?

నేతపని యెఱిగిన భివండి తెలుగువారికి ఈ విషయము సులభముగా బోధపడును. సాంచాలని వాడుకలో చెప్పబడు అచటి మరమగ్గములకు నూలు వెలుపలి యూళ్ల మిల్లులనుండి వచ్చును. అంతమాత్రమున బట్ట ఆ మిల్లులదని ఎవరును అనరు. రాజశేఖర చరిత్రమునకు పడుగు గోల్డ్‌స్మిత్తుది, పేక వీరేశలింగముగారిది. బట్టపై కనిపించు బొమ్మ పేకవలన వచ్చినది. చివరి అంచున మాత్రము పరాయి నేత అట్లే మిగిలినది.

ఈ విచారణ గ్రంథచర్చతో ముగియునది కాదు. తెలుగు సీమల నడుమ ప్రవహించు గోదావరి పుట్టినది భివండికి పొరుగున నున్న నాసికు జిల్లా త్ర్యంబకమున. ఆ నది ఎచట పుట్టెనని చూచి దానిని తమది కాదని తెలుగువారెన్నడు ననుకొనలేదు. ఇంట తెలుగును, వీధిలో మరాఠీ హిందీలను వినుచు పెరుగు భివండి బాలబాలికలు రేపు కథలు వ్రాసిన, వారి పడుగులో ఆ భాషల పోగులు తప్పక యుండును. అందుకు సిగ్గుపడ బనిలేదు. వీరేశలింగముగారివలె ఋణమును దాచక చెప్పిన చాలును. తమ యింటి ప్రశ్నను తామే యడుగవలెను. ముగింపును మాత్రము ఎరువు తెచ్చుకొనరాదు.