కామెంట్లలో దొరికే కారం

సోషల్ లిజనింగ్, అంటే సోషల్ మీడియాలో జనం మాటలు వినడం అనగానే మా మార్కెటింగ్ రంగంలో అందరి చెయ్యీ ముందు బ్రాండ్ పేరు మీదికే పోతుంది. టూల్‌లో పేరు కొడతాం. ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది తిట్టారు అన్నది రంగురంగుల గ్రాఫులుగా వచ్చేస్తుంది. మీటింగులో చూపించడానికి బాగుంటుంది. నాకు మాత్రం అందులో జనం కనపడరు. కంపెనీ పేరెత్తి రాసేవాళ్లలో చాలామంది పార్సిల్ అందనివాళ్లు, కాదంటే గివ్‌అవే కోసం ట్యాగ్ చేసినవాళ్లు. మిగతావాళ్లంతా కంపెనీ ఊసే లేకుండా తమ వంటింటి సంగతులు మాట్లాడుకుంటూ ఉంటారు. నేను వెళ్లేది అక్కడికి.

పచ్చళ్ల కంపెనీ పని చేతిలో ఉంటే ఎండాకాలం ఆవకాయ వీడియోల కింద కాపురం పెడతాను. (తెలంగాణ కోసం 'తొక్కు' అని కూడా వెతకాలి, లేకపోతే సగం జనం తప్పిపోతారు.) వెల్లుల్లి వెయ్యాలా వద్దా, పప్పునూనా పల్లీనూనా, ముక్కకి టెంక అంటుకుని ఉందా లేదా అని పెద్ద తగువే నడుస్తుంటుంది. సరదాగా ఉంటుంది కానీ కొత్తేమీ కాదు, మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. వాటి మధ్య ఎవరూ జవాబివ్వని చిన్న ప్రశ్నలు ఉంటాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నాలుగు కాయలకి కొలతలు చెప్పండి అంటారు ఒకావిడ. మావారికి బీపీ, ఉప్పు తగ్గిస్తే నిలవుంటుందా అంటారు ఇంకొకరు. అమెరికాలో ఉన్న కూతురికి తీసుకెళ్లాలి, సూట్‌కేసులో నూనె కారకుండా ఎలా కట్టాలి అని మరొకరు.

ఈ ముగ్గురూ పచ్చడి కొనడానికి ఒకడుగు దూరంలో ఉన్నవాళ్లే. కంపెనీ ప్రకటనలో మాత్రం అమ్మమ్మ, పెద్ద జాడీ, పదిమంది కూర్చున్న పంక్తి! ఇద్దరున్న ఇంటికి కావలసింది చిన్న సీసా. ఉప్పు సంగతి చిక్కే. పచ్చడిని నిలబెట్టేదే ఉప్పు, కాబట్టి తగ్గించామని గొప్పగా చెప్పుకోవడం తేలిక కాదు. తక్కువ ఉప్పుతో చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోమని నిజం చెప్పి అమ్ముకోవాలి.

ఇలా జనం మాటల్లో కూర్చుని చదివే పద్ధతికి రాబర్ట్ కోజినెట్స్ అనే పరిశోధకుడు 1990ల్లోనే నెట్నోగ్రఫీ అని పేరు పెట్టారు. 2002లో అచ్చయిన ఆయన వ్యాసం ఆన్‌లైన్‌లో కాఫీ పిచ్చివాళ్లు తమలో తాము చెప్పుకునే కబుర్ల మీదే. మన దగ్గర నాకు గుర్తుండిపోయిన ఉదాహరణ మ్యాగీ నూడుల్స్. 2015 జూన్‌లో అమ్మకాలు ఆగిపోయినప్పుడు వార్తల నిండా వాటిలో సీసం ఉందన్న గొడవే. కుర్రాళ్లు మాత్రం అర్ధరాత్రి ఆకలికి ఇక దిక్కెవరని వాపోయారు. ఆగస్టులో మ్యాగీ తయారుచేసే నెస్లే వేసిన ప్రకటనల్లో సీసం లెక్కలు లేవు, ఒంటరిగా ఉండే కుర్రాళ్ల బెంగే ఉంది. నవంబరులో సరుకు మళ్లీ అంగళ్లకొచ్చింది. ఆ బెంగని ఏ గ్రాఫు చూపించగలదు?

అలాగని అన్నీ వినపడతాయనుకోవద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు, అందులోని వెటకారం మెషీన్లకి ఇంకా సరిగ్గా అందడం లేదు. అసలు బేరమంతా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో తేలిపోతుంది, అక్కడికి మాకు ప్రవేశం లేదు. ఉండకూడదు కూడా. ఏ సీసా కొనాలో తేల్చే అత్తగారు ఎక్కడా కామెంటు పెట్టరు.

2023 నాటి డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను బయటపెట్టిన వివరాలకి వర్తించదు. అయినా అమ్మ పోయాక ఈ ఏడు పచ్చడి పెట్టలేదని రాసుకున్న ఒకావిడ కామెంటుని ఫొటోతో సహా క్లయింటు ముందు తెర మీద వెయ్యడానికి నాకు చేతులు రావు. విషయం చెబుతాను, మనిషిని చూపించను.

క్లయింటుని అడిగేది ఒక్కటే: రిపోర్టు చెప్పే రోజు సీసా సైజు తేల్చేవాళ్లని కూడా పిలవండి అని. ప్రకటనలవాళ్లే వచ్చి కూర్చుంటే, చిన్న సీసా కావాలన్న మాట కాస్తా ఇంకో అమ్మమ్మ వీడియో అయిపోతుంది.