‘ఎన్‌బీఏ జామ్’ వీడియో గేమ్: మూలపాఠం, పాఠాంతరాలు, సమీక్షకుల తీర్పు

వ్యాససంగ్రహం

మిడ్‌వే సంస్థ 1993లో అమెరికా ఆర్కేడ్‌లలో విడుదల చేసిన బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ ‘ఎన్‌బీఏ జామ్’. 1994లో అది ఇళ్లలోని కన్సోళ్లకు చేరినప్పుడు, ఒక్కో రూపం ఆర్కేడ్ యంత్రానికి ఎంత దగ్గరగా ఉన్నదన్నదే సమీక్షకులకు ప్రధానమైన కొలత అయింది. ఆ కొలత రంగులనూ ధ్వనులనూ బాగా పట్టుకొన్నది గాని, నాణెంతో ముడిపడి పుట్టిన ఆట నియమాలు ఇంటికి వచ్చేసరికి ఏమయ్యాయన్న ప్రశ్నను వదిలివేసింది. పాఠపరిష్కరణకు చెందిన మూలం, పాఠాంతరం, ప్రక్షిప్తం అనే భావనల ఆధారంగా ఆ తీర్పులను ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, ఆర్కేడ్, కన్సోల్, రూపాంతరం, పాఠాంతరం, ప్రక్షిప్తం, సమీక్ష.

1. ప్రస్తావన

ఒక కావ్యానికి నాలుగు వ్రాతప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త మొదట వాటిని పక్కపక్కన పెట్టి చదువుతాడు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల చేత చేయించిన పని అదే. ఏ ప్రతి మూలానికి దగ్గర, ఏది లేఖకుని పొరపాటు, ఏది తరువాతివారు చేర్చినది అన్న ప్రశ్నలు అక్కడ పుడతాయి. 1990లలో వీడియో గేమ్ పత్రికల సమీక్షకులు ఆ పేర్లేవీ వాడకుండానే ఇదే పని చేశారు. ఒకే ఆట నాలుగైదు యంత్రాల మీద, నాలుగైదు రకాలుగా కనిపించి వినిపించేది. కొనబోయే పాఠకుడికి వాటిలో ఏది మంచిదో చెప్పవలసిన బాధ్యత వారిది.

అయితే పరిష్కర్తకు మూలం సాధారణంగా కళ్లెదుట ఉండదు. ప్రతుల నుండి దానిని ఊహించుకోవాలి. ఈ సమీక్షకులకు మూలం వీధి చివర ఆర్కేడ్‌లోనే దొరికేది. ఆ సౌకర్యమే వారి విమర్శకు బలమూ అయింది, పరిమితీ అయింది. ఇందుకు ‘ఎన్‌బీఏ జామ్’ కంటె స్పష్టమైన ఉదాహరణ ఆ దశాబ్దపు క్రీడాత్మక ఆటలలో అరుదు.

2. నాణెం నిర్ణయించిన నియమాలు

మార్క్ టర్మెల్ నాయకత్వంలో రూపొందిన ఈ ఆటలో జట్టుకు ఇద్దరే ఆటగాళ్లు. ఎన్‌బీఏ లీగ్‌లో అప్పుడున్న 27 జట్లూ ఇందులో ఉన్నాయి. ఫౌళ్లు లేవు, ప్రత్యర్థిని నెట్టి పడవేసినా ఈల మోగదు. డంక్ కోసం ఎగిరిన ఆటగాడు తన ఎత్తుకు ఎన్నో రెట్లు పైకి లేచి, గాలిలో గిరగిర తిరిగి బంతిని దించుతాడు. ఒకే ఆటగాడు వరుసగా మూడు బాస్కెట్లు వేస్తే అతని బంతికి నిప్పంటుకుంటుంది. ఆ తరువాత అతని గురి తప్పడం కష్టం. వ్యాఖ్యాత టిమ్ కిట్జ్‌రో గొంతులో వినిపించే ‘బూమ్‌షకలకా’ అనే కేక ఆట హద్దులు దాటి అమెరికా క్రీడాభాషలోకి వెళ్లింది. తెర మీది బొమ్మలు చిత్రకారుడు గీసినవి కావు; మనుషులను కెమెరాతో తీసి, ఆ చిత్రాలను అంకీకరించి చేసినవి. నిజమైన ఆటగాళ్ల ముఖాలు, అసంభవమైన దేహాలు. ఈ ఆట హాస్యమంతా ఆ రెండింటి పొందికలోనే ఉన్నది.

ఇవన్నీ సమీక్షకులు గుర్తించినవే. వారు అంతగా పట్టించుకోనిది వీటికి అడుగున పనిచేసే ఆర్థికసూత్రం. ఆర్కేడ్‌లో మ్యాచ్ మొత్తానికి ఒకేసారి రుసుము చెల్లించే పద్ధతి సాధారణంగా లేదు. నాలుగు భాగాలలో ఒక్కొక్క దానికి మళ్లీ నాణేలు వేయాలి. ఇంగ్లీషులో మ్యాచ్‌లోని నాలుగో వంతుకూ, పాతిక సెంట్ల నాణేనికీ పేరు ఒకటే: ‘క్వార్టర్’. ఈ శ్లేష యాదృచ్ఛికమే గాని ఆట స్వభావాన్ని చెప్పడానికి ఇంతకంటె తగిన మాట దొరకదు. ఇరవై పాయింట్లు వెనుకబడిన ఆటగాడు నాలుగో భాగానికి నాణెం వేయడు. కనుక వెనుకబడిన జట్టుకు ప్రోగ్రామ్ గుట్టుగా సాయం చేస్తుంది: వారి గురి మెరుగుపడుతుంది, ముందున్నవారి గురి సడలుతుంది. ఆధిక్యం ఎంత పెరిగినా చివరి క్షణాలకు స్కోర్లు దగ్గరపడుతూ ఉంటాయి. ఆ ఉత్కంఠ నాటకీయ నిర్మాణం వంటిదే. దాని ప్రయోజనం మాత్రం వసూలు. ఆటగాడు తన పేరు పొడి అక్షరాలను, పుట్టిన తేదీని నమోదు చేస్తే, అతడు ఏయే జట్లను ఓడించాడో యంత్రం గుర్తుపెట్టుకొనేది. 27 జట్లనూ ఓడించాలన్న కోరిక కూడా మళ్లీ అదే యంత్రం దగ్గరకు, మళ్లీ నాణేల దగ్గరకు రప్పించేదే.

మూలంలో మరొక గుప్తనియమం కూడా ఉన్నది. టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. పిస్టన్స్‌తో హోరాహోరీగా సాగిన మ్యాచ్ చివరి క్షణాల్లో షికాగో బుల్స్ వేసే బంతులు తప్పిపోయేటట్లు ప్రోగ్రామ్‌లో రాశానని అతడే కొన్నేళ్ల తరువాత బహిరంగంగా చెప్పాడు. ఆటను గంటల తరబడి ఆడి తీర్పు చెప్పిన సమీక్షకునికి ఇది కనిపించే అవకాశం లేదు. కావ్యవిమర్శలో పాఠమంతా విమర్శకుని ముందు ఉంటుంది. ఇక్కడ పాఠంలో కొంత భాగం ఎప్పటికీ తెర వెనుకనే ఉంటుంది. ఆ షికాగో జట్టులోనే మైకేల్ జోర్డన్ లేడు. ఆటగాళ్ల సంఘం ఉమ్మడిగా ఇచ్చే లైసెన్సులో అతని పేరు చేరకపోవడమే కారణం. బాస్కెట్‌బాల్‌లో ఆ కాలానికే మకుటం లేని మహారాజు లేకుండా వచ్చిన ఆటను ‘సంపూర్ణమైన మూలం’గా భావించి, మిగిలినవాటిని దానితో తూచడంలోని విచిత్రాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

3. 1994: ఇంటికి వచ్చిన రూపాలు

ఇంటి కన్సోళ్లలో ప్రచురించే హక్కు అక్లెయిమ్ సంస్థది. 1994 మార్చి 4ను ‘జామ్ డే’గా ప్రచారం చేసి ఈ రూపాలను విడుదల చేసింది. సూపర్ నింటెండో, సెగా జెనెసిస్ రూపాలను తయారుచేసినది ఇగ్వానా ఎంటర్‌టైన్‌మెంట్.

సమస్య ఎంత కఠినమైనదో గ్రహించడానికి యంత్రాల శక్తిని చూడాలి. ఆర్కేడ్ యంత్రంలో చిత్రాల పనికే ఉద్దేశించిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 34010 ప్రాసెసర్ ఉన్నది. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్, జెనెసిస్‌ది దానికి రెట్టింపుకు పైగా. రంగుల విషయంలో లెక్క తిరగబడుతుంది. సూపర్ నింటెండో 32,768 రంగుల నుండి 256 వరకు ఒకేసారి చూపగలదు. జెనెసిస్‌కు ఉన్నవి 512, తెర మీద ఒకేసారి కనిపించేవి 64కు మించవు. ఛాయాచిత్రాల నుండి తీసిన ముఖాలకు రంగుల కొరత వెంటనే తెలిసిపోతుంది. ధ్వనిలోనూ అంతే. రికార్డు చేసిన శబ్దఖండాలను వినిపించడమే సూపర్ నింటెండో ధ్వనివ్యవస్థ పద్ధతి. జెనెసిస్‌ది ప్రధానంగా కృత్రిమంగా స్వరాన్ని పుట్టించే యమహా చిప్. వ్యాఖ్యాత గొంతే ఆత్మ అయిన ఆటకు ఇది చిన్న తేడా కాదు.

పత్రికలు రెండింటినీ మెచ్చుకొన్నాయి. బొమ్మ, గొంతు సూపర్ నింటెండోలో మేలన్నది సాధారణంగా వినిపించిన అభిప్రాయం; జెనెసిస్ పక్షం వహించినవారు చురుకుదనాన్ని ముందుకు తెచ్చారు. ఈ తీర్పు ఇలా రావడానికి సమీక్ష చట్రమే సగం కారణం. ‘గేమ్‌ప్రో’ పత్రిక బొమ్మలు, ధ్వని, నియంత్రణ, వినోదం అనే గళ్లలో అయిదుకు మార్కులు వేసేది. ‘ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ’లో నలుగురు సమీక్షకులు పక్కపక్కనే పదికి మార్కులు ఇచ్చేవారు. ‘నింటెండో పవర్’ను ప్రచురించినది నింటెండో సంస్థే కనుక జెనెసిస్ రూపంతో తులనకు అక్కడ చోటే లేదు. గళ్లు ముందే గీసి ఉన్నప్పుడు విమర్శ వాటిలో పట్టినంతే ఉంటుంది. ‘ఆట ఎవరి జేబును ఉద్దేశించి రాయబడింది’ అన్న గడి ఏ పత్రికలోనూ లేదు.

గళ్లలో ఉన్న ‘నియంత్రణ’ కూడా ఇంకా లోతుగా పరిశీలించదగినదే. ఆర్కేడ్‌లో ఒక్కొక్క ఆటగాడి చేతికి ఒక జాయ్‌స్టిక్, మూడే బటన్‌లు: వేగానికి ఒకటి, బాస్కెట్ వేయడానికి ఒకటి, బంతి అందించడానికి ఒకటి. జెనెసిస్ మొదటి కంట్రోలర్‌కూ సరిగ్గా మూడే బటన్‌లు. సూపర్ నింటెండో కంట్రోలర్‌లో ఆట ఆడడానికి ఆరు ఉన్నాయి. సగం ఈ ఆటకు అక్కరలేనివే. కంటికి దూరమైన జెనెసిస్ రూపం చేతికి దగ్గరైనదన్నమాట. మూలానికి దగ్గరతనాన్ని కంటితోనా, చెవితోనా, చేతితోనా కొలవాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఆనాటి సమీక్షలు ఎక్కువగా మొదటి రెండింటి వైపు మొగ్గాయి. అచ్చుపత్రికలో తెర చిత్రాన్ని ముద్రించవచ్చు, చేతి అనుభూతిని ముద్రించలేరు. ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చు.

నలుగురు కలిసి ఆడడం మూలంలో మరొక ప్రాణాంశం. ఆర్కేడ్‌లో నలుగురు భుజం భుజం రాసుకొంటూ నిలబడేవారు. ఇంట్లో అందుకు ప్రత్యేకమైన అడాప్టర్, అదనపు కంట్రోలర్లు కొనాలి. కొననివారికి దక్కినది ఇద్దరి ఆటే.

చేతిలో పట్టే యంత్రాల సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. గేమ్ బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు చుక్కలది, నాలుగు ఛాయలే. ముఖాలు పోయాయి, గొంతు పోయింది. సమీక్షకుల ఉత్సాహమూ అక్కడ తగ్గింది, తగ్గడం న్యాయమే. గేమ్ గియర్‌లో రంగులున్నా తెర అంతే ఇరుకు.

4. ప్రక్షిప్తాలు, లోపాలు

ఇంటిరూపాలను ‘నకళ్లు’ అని కొట్టివేయడానికి వీలు లేకుండా చేసేవి వాటిలో కొత్తగా చేరిన అంశాలు. రహస్య సంకేతాలు నొక్కితే అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, ఉపాధ్యక్షుడు అల్ గోర్ కోర్టులోకి దిగి డంకులు వేస్తారు. దేశాధినేతను ఇలా గాలిలో గిరగిర తిప్పడం ఆట హాస్యానికి బాగా సరిపోయింది. ప్రక్షిప్తమన్న కారణాన వీటిని తీసివేయాలని ఏ అభిమానీ కోరలేదు. తెలుగు ప్రబంధాల పాఠకులకూ ఇటువంటి స్థితి అపరిచితం కాదు: కవిది కాదని తేలిన పద్యమే జనం నాలుక మీద నిలిచిపోతుంది.

లోపించినవాటిలో విషాదం ఉన్నది. ఆర్కేడ్ రూపంలో ఉన్న డ్రాజెన్ పెట్రోవిచ్, రెజీ లూయిస్ ఇద్దరూ 1993 వేసవిలో మరణించారు. ఇంటిరూపాలలో వారు లేరు. మూలానికి విధేయత ఒక్కటే ప్రమాణమైతే ఇది లోపం. ఆ ఇద్దరి కుటుంబాలను, అభిమానులను తలచుకొంటే ఇది మర్యాద. మార్కుల గళ్లు ఈ రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని చెప్పలేవు.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు నాణెం మాయం కావడం. కార్ట్రిడ్జ్‌కు ఒకసారి డబ్బు చెల్లించిన తరువాత నాలుగో భాగానికి ఎవరూ ఏమీ అడగరు. అయినా వెనుకబడినవారికి సాయం చేసే నియమం ఇంటికి కూడా వచ్చింది. ఆర్కేడ్‌లో దానికొక పని ఉన్నది. ఇంట్లో ఆ పని పోయి అలవాటు మిగిలింది. ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడేవానికి అది అన్యాయంగా తోచింది, పక్కన స్నేహితుడు కూర్చున్నవానికి వినోదంగా తోచింది. తరువాత వచ్చిన ‘టోర్నమెంట్ ఎడిషన్’ ఇంటిరూపాలు ఈ సాయాన్ని ఆపివేసే వీలు కల్పించాయి. ఎంపికల పట్టికలోని ఆ చిన్న పంక్తి, ఆ కాలపు ఏ సమీక్షకన్నా సూటిగా, ఈ ఆట రెండు ఆర్థికవ్యవస్థల నడుమ నిలబడి ఉన్నదని ఒప్పుకొంటుంది.

5. పేరు ఒకరిది, పాఠం మరొకరిది

తరువాతి చరిత్రలో కర్తృత్వ సమస్య మరింత చిక్కుపడింది. ‘ఎన్‌బీఏ జామ్’ అన్న పేరు అక్లెయిమ్‌కు దక్కింది. ఆటను రాసిన మిడ్‌వే తన పద్ధతిని 1996లో ‘ఎన్‌బీఏ హ్యాంగ్‌టైమ్’ అనే వేరే పేరుతో కొనసాగించింది. పేరు చూసి కొన్నవారికి ఒక వంశం, ఆట చూసి కొన్నవారికి మరొక వంశం. 2003లో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్ కోసం అక్లెయిమ్ అదే పేరుతో తెచ్చిన ఆటలో జట్టుకు ముగ్గురు. దానికి దక్కిన ఆదరణ అంతంతమాత్రం. మరుసటి సంవత్సరమే సంస్థ దివాలా తీసింది.

6. 2010: పునరుద్ధరణ, మళ్లీ అదే తులాభారం

2010లో ఈఏ సంస్థ ఆటను పునరుద్ధరించింది. టర్మెల్ సలహా, కిట్జ్‌రో గొంతు రెండూ అందులో ఉన్నాయి. త్రిమితీయ దేహాల మీద ఆటగాళ్ల ఛాయాచిత్ర శిరస్సులను అతికించారు; ముందు నిలిచినది తెలిసి చేసిన అనుకరణ. నింటెండో వీ రూపం అక్టోబర్‌లో ముందుగా వెలువడింది. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లలో మాత్రం దీనిని ‘ఎన్‌బీఏ ఎలైట్ 11’ అనే మరొక ఆటతో పాటు అదనంగా ఇవ్వాలనుకొన్నారు. ఆ ఆట విడుదల ముంగిట వాయిదాపడి చివరకు రద్దు కావడంతో, ‘జామ్’ నవంబర్‌లో విడిగా, దాదాపు 50 డాలర్ల ధరతో అంగళ్లకు వచ్చింది.

సమీక్షలు మొత్తం మీద అనుకూలంగానే వచ్చాయి గాని, తులనలో పాత కొలత మారిపోయింది. వీలో రిమోట్‌ను పైకెత్తి కిందికి విదిలిస్తే బంతి వెళుతుంది. చేతి కదలిక ఇప్పుడు మొదటి చర్చనీయాంశం. మిగిలిన రెండింటిలో ఇంటర్నెట్ ద్వారా ఆడే వీలున్నది, వీలో లేదు. ఇవన్నీ చర్చకు వచ్చాయి. వాటికంటె ఎక్కువగా వినిపించినది ధర గురించిన అసంతృప్తి: అదనపు కానుకగా రావలసినదానికి పూర్తి ఆటకు దగ్గరి వెల ఎందుకు? 1994లో గళ్లకు అందని ప్రశ్నను, అంటే ఆటకూ డబ్బుకూ ఉన్న సంబంధాన్ని, 2010 సమీక్షకులు ఎట్టకేలకు అడిగారు. అయితే అడిగినది ఆట నియమాల గురించి కాదు, అట్టపెట్టె మీది వెల గురించి. ఆ పెట్టె లోపల, వెనుకబడినవారికి గుట్టుగా సాయం చేసే పాత నాణెపు తర్కాన్ని వారు ‘మూలపు రుచి’గా మెచ్చుకొన్నారు.

2020లో ఆర్కేడ్1అప్ సంస్థ మూలపు ఆర్కేడ్ యంత్రాన్ని కొంత చిన్న పరిమాణంలో, ఇళ్లకోసం తిరిగి తయారుచేసింది. నలుగురికీ జాయ్‌స్టిక్‌లున్నాయి, మూడేసి బటన్‌లున్నాయి, పాత బొమ్మలూ పాత గొంతూ ఉన్నాయి. ఆడడానికి నాణెం అక్కరలేదు. ఒక బటన్ నొక్కితే నాలుగో భాగం మొదలవుతుంది.