‘బాటిల్ ఆఫ్ అల్జీర్స్’ – చెప్పకుండా వొదిలిన మూడేళ్లు

స్వాతంత్ర్య సమరాన్ని ఇతివృత్తంగా తీసుకున్న కళాకారునికి రెండు గండాలున్నవి. ఒకటి వీరపూజ. రెండవది, దోచినవాణ్ణీ దోపిడికి గురైనవాణ్ణీ వొకే గాట కట్టి, దానికి నిష్పాక్షికత అని పేరు పెట్టడం. ఇటాలియన్ దర్శకుడు గిల్లో పాంటెకోర్వో 1966లో తీసిన ‘బాటిల్ ఆఫ్ అల్జీర్స్’ యీ రెండింటినీ దాటింది. మూడవ గండం వొకటున్నది. దానిని దాటిందా అన్నదే మన ప్రశ్న.

1830లో ఫ్రాన్సు ఆక్రమించిన అల్జీరియాలో 1954 నవంబరు 1న సాయుధ పోరాటం మొదలయింది. రాజధానిలో, కస్బా అనే పాతపేట యిరుకు సందుల్లో 1957 దాకా నడిచిన ఘట్టం యీ చిత్రానికి కథ. ప్రారంభంలోనే మనకు కనిపించేది వీరుడు కాదు. చిత్రహింసలకు తాళలేక రహస్యం చెప్పేసిన బక్కమనిషి. అతనికి ఫ్రెంచి సైనికుని దుస్తులు తొడిగి, దారి చూపమని తీసుకుపోతారు. అతణ్ణి ద్రోహి అనడానికి మనకు నోరు రాదు. సామ్రాజ్యవాదం మనిషిని ఏం చేస్తుందో వొక్క ఉపన్యాసం లేకుండా తెలిసిపోతుంది.

పాత్రధారులలో వృత్తి నటుడు దాదాపు జాన్ మార్తాఁ వొక్కడే. అతడు ఫ్రెంచి కర్నల్ మాత్యూ. పోరాటానికి నాయకత్వం వహించి ఖైదయిన సాది యాసెఫ్ తన వంటి పాత్రనే తాను ధరించాడు. మిగిలినవారు చాలావరకు ఆ నగర ప్రజలే. చూస్తుంటే వార్తాచిత్రమనిపిస్తుంది గాని, వార్తాచిత్రం ముక్క వొక్కటైనా యిందులో వాడలేదు. వాస్తవికత అంటే వున్నదాన్ని ఎత్తి అతికించడం కాదనీ, తిరిగి నిర్మించడమనీ యింతకంటె మంచి నిదర్శనం దొరకదు.

ముగ్గురు స్త్రీలు బాంబులు తీసుకుపోయే ఘట్టంపై మన శిబిరంలోనే కొందరికి అభ్యంతరం వుండవచ్చు. కాసేపట్లో చనిపోబోయేవారి ముఖాలను, వారిలో ఐస్‌క్రీం తింటున్న పసివాణ్ణి, కెమెరా నిదానంగా చూపుతుంది. కస్బా శిథిలాలలోని శవాల మీద వినిపించిన విషాద సంగీతమే యిక్కడా వినిపిస్తుంది. శత్రువుపై జాలి పుట్టించడం పోరాటాన్ని బలహీనపరచదా? పరచదు. మూల్యం దాచిపెట్టి గెలిపించిన న్యాయం, మూల్యం తెలిసిననాడు కూలిపోతుంది. దుఃఖం ఇరుపక్షాలకూ సమానమే; న్యాయం సమానం కాదు. యీ తేడాను దర్శకుడు ఎక్కడా చెరపలేదు.

అసలు లోపం వేరే చోట వున్నది. 1957 అక్టోబరులో అలీ లా పాయింట్ దాగిన యింటిని పేల్చివేస్తారు. సంస్థ నగరంలో తుడిచిపెట్టుకుపోతుంది. వెంటనే చిత్రం 1960 డిసెంబరుకు దూకుతుంది. వేలాది జనం వీధులలోకి వెల్లువెత్తుతారు. ఎందుకో తెలియదంటుంది పరాయి విలేఖరి గొంతు. ఆ వ్యంగ్యం బాగున్నది. కాని చిత్రానికైనా సమాధానం తెలుసునా? ఆ మూడేళ్లూ యుద్ధం పల్లెలలో, కొండలలో సాగింది. సుమారు 20 లక్షలమంది గ్రామీణులను యిళ్లనుంచి వెళ్లగొట్టి శిబిరాలలో కుక్కారు. మంచి భూములు వలసవచ్చిన యూరోపియన్ల చేతుల్లో వుండడమే ఆ కోపానికి వేరు. భూమి మాట గాని, రైతు గాని చిత్రంలో దాదాపు లేరు. మన ‘మా భూమి’ నాటకం పేరులోనే నిలిపిన విషయం యిక్కడ తెరవెనుక వుండిపోయింది.

ఇది నగర కథ, పల్లెలు దీని పరిధిలోనివి కావని సమర్థించవచ్చు. అలాగయితే 1957లో ఆగవలసింది. 1960కి దూకి విజయం చూపినప్పుడు కారణం చూపే బాధ్యత కూడ నెత్తిన పడుతుంది. చూపకపోతే ప్రజావిప్లవం ప్రకృతి వైపరీత్యంలా కనబడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2003లో ఇరాక్‌ను ఆక్రమించిన అమెరికా సేనాధికారులు పెంటగన్‌లో యీ చిత్రం వేయించుకొని చూశారు. రహస్య దళాల అల్లికను మాత్యూ నల్లబల్లపై గీసి చూపుతాడు. వారికి పనికివచ్చే పాఠం అది. ఆ అల్లిక తెగిపోయాక కూడ జనం ఎందుకు లేచారన్నది వారు నేర్వని పాఠం. 1962 జూలైలో అల్జీరియాను స్వతంత్రం చేసింది ఆ రెండవదే. దానిని చెప్పవలసిన వాడు శత్రువు కాదు, మన కళాకారుడు. ఇంత గొప్ప చిత్రం ఆ పని మనకు మిగిల్చింది.