ఇటలీ మర, జపాన్ చెయిన్

ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలో 2010 కామన్‌వెల్త్ క్రీడలకు సిద్ధం చేసిన వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందాల ట్రాక్ ఉంది. చెక్క బాట, చుట్టు 250 మీటర్లు. 2022 జూన్‌లో సైక్లిస్టు రొనాల్డో లైతోంజం ఆసియా ట్రాక్ సైక్లింగ్ పోటీల స్ప్రింట్‌లో వెండి పతకం గెలిచింది దాని మీదే. అక్కడ తిరిగే సైకిల్‌కి బ్రేకుల్లేవు, గేర్లు మార్చే పని లేదు, ఫ్రీవీలూ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. సామాను ఇంత తక్కువైనప్పుడు బిగింపులో చిన్న లోపమైనా ఇట్టే బయటపడుతుంది.

పెద్ద పోటీలన్నీ ఇప్పుడు కార్బన్ బళ్లవే. ముచ్చటపడి సొంతంగా కట్టించుకునేవాళ్లలో చాలామంది మాత్రం స్టీలును వదల్లేదు. జపాన్‌లో 1948లో మొదలైన కైరిన్ అనే ట్రాక్ సైకిల్ పందాల్లో మగవాళ్లు నేటికీ స్టీలు ఫ్రేములే తొక్కుతారు. జనం పందెం కాసేది మనిషి మీద గానీ బండి మీద కాదు కదా!

అలా కట్టించుకునే ఒక బండికి ఫ్రేము ఇటలీది, కొలంబస్ గొట్టాలతో చేసింది, హబ్బులు కాంపాగ్నోలోవి, రిములు ఫ్రాన్సు మావిక్‌వి, చెయినూ క్రాంకులూ జపాన్‌వి అనుకుందాం. ఢిల్లీ ఝండేవాలాన్ సైకిల్ బజారులో ఈ సరుకంతా ఒకచోట దొరకడం కష్టం. దొరికినా ఒకదానికొకటి వెంటనే ఒప్పుకోవు. బ్రిటిష్ కొలత ఫ్రేముకి కుడివైపు బీబీ కప్పు, అంటే క్రాంకు ఇరుసుని పట్టే బాటమ్ బ్రాకెట్ కప్పు, రివర్స్ థ్రెడ్. ఢిల్లీ మిస్త్రీలు ‘ఉల్టీ చూడీ’ అంటారు. ఇటలీ ఫ్రేముకి రెండువైపులా మామూలు థ్రెడ్డే, అందుకని తొక్కేకొద్దీ కుడి కప్పు వదులయ్యే గుణం ఉంటుంది. తెలిసిన మిస్త్రీ మరల్లోని పాత జిడ్డంతా తీసి, వెనకాడకుండా గట్టిగా బిగిస్తాడు.

హబ్బు సంగతి ఇంకా సున్నితం. వెనక పళ్లచక్రం జపాన్‌దైనా ఇటలీ హబ్బుకి చక్కగా ఎక్కుతుంది. దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగు మాత్రం ఎక్కదు: ఇటలీ కొలత 1.32 అంగుళాలు, మామూలుగా దొరికేది 1.29. దీనిదీ ఉల్టా మరే. తొక్కేవాడు వేగం తగ్గించడానికి పెడల్‌ని వెనక్కి అదిమితే పళ్లచక్రం ఊడిరావాలని చూస్తుంది; ఆ ఊపుకే లాక్‌రింగు ఇంకా బిగుసుకుంటుంది. బ్రేకు లేని బండికి ప్రాణం ఆ చిన్న రింగులో ఉంది. సరైనది దొరికేదాకా ఆగినవాణ్ణే నేను పనివాడంటాను.

క్రాంకు దగ్గరా ఇదే తంటా. ఇటలీ, జపాన్ ఇరుసుల చదరపు కొనలు చూడ్డానికి ఒకటే. ఇటలీ క్రాంకుని జపాన్ ఇరుసుకి తొడిగితే నాలుగైదు మిల్లీమీటర్లు బయటే ఆగిపోతుంది, చెయిన్ వంకర పోతుంది.

చివర్న చెయిన్. చక్రాన్ని వెనక్కి లాగి బిగువు పెట్టి, క్రాంకుని మెల్లగా తిప్పుతారు. ముందు పళ్లచక్రం కాస్త పక్కకి కూర్చుంటే ఒకచోట చెయిన్ బిర్రుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. దాని బోల్టులు కొంచెం సడలించి, బిర్రుగా ఉన్నచోట చెయిన్ మీద పానాతో చిన్నగా తట్టి, మళ్లీ బిగించి మళ్లీ తిప్పుతారు. చుట్టంతా బిగువు ఒకేలా వచ్చేదాకా అంతే. ముందు 49 పళ్లు, వెనక 14 పెడితే 250 మీటర్ల చుట్టుకి ఆ క్రాంకు దాదాపు 34 సార్లు తిరగాలి.